పదేపదే గర్భస్రావం: రక్తం గడ్డకట్టే సమస్య, ఇమ్యూనిటీ చికిత్సల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటికి రెండుసార్లు గర్భం పోయిన ఇంట్లో ఎవరి మాటైనా వినాలనిపిస్తుంది. ఒకరు రక్తం చిక్కగా ఉందంటారు, ఇంకొకరు ఇమ్యూనిటీ ఎక్కువై బిడ్డను తోసేస్తోందంటారు. చేతిలో పొడవాటి టెస్టుల చీటీ ఉంటుంది, అందులో సగం పేర్లు అర్థం కావు. ఈ రంగంలో గట్టిగా నిరూపణ అయిన జబ్బు ఒకటుంది, దానికి చవకైన, పనిచేసే చికిత్స ఉంది. దాని పక్కనే నిరూపణ లేని ఖరీదైన చికిత్సలూ చాలా ఉన్నాయి. ఏది ఏదో తెలియక డబ్బూ, కాలమూ, ఆశా పోగొట్టుకుంటున్న దంపతుల కోసమే ఇది రాస్తున్నాను. మందుల మోతాదు మాత్రం మీ డాక్టరే నిర్ణయించాలి.

ఎన్నిసార్లు పోతే టెస్టులు చేయించుకోవాలి?

యూరప్, అమెరికా వైద్య సంఘాలు రెండుసార్లు పోతే చాలు, కారణం వెతకమంటాయి. బ్రిటన్‌లో మూడుసార్లు అనే లెక్క ఉన్నా, 2023 మార్గదర్శకాల్లో అవి వరుసగానే జరిగి ఉండక్కర్లేదనీ, అనుమానం ఉంటే రెండింటి తర్వాతే చూడొచ్చనీ చెప్పారు. 10 వారాలు దాటాక, చూడటానికి ఏ లోపమూ లేని బిడ్డ పోతే మాత్రం ఒక్కసారి జరిగినా టెస్టులు అవసరం. "ఇంకోసారి ప్రయత్నించండి, చూద్దాం" అని పంపేస్తే, ఈ మాట మర్యాదగానే గుర్తుచేయండి.

రక్తం గడ్డకట్టడానికీ గర్భం పోవడానికీ సంబంధం ఏమిటి?

మనం మాట్లాడుకోవాల్సిన జబ్బు పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. పొట్టిగా ఎ.పి.ఎస్. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టరు దీన్ని వివరించారు కాబట్టి హ్యూస్ సిండ్రోమ్ అని కూడా అంటారు. ఇందులో శరీరం తన సొంత కణాల పొరల మీద, వాటికి అంటుకుని ఉండే ప్రొటీన్ల మీద యాంటీబాడీలు తయారు చేస్తుంది. వాటివల్ల కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో, మెదడులో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. గర్భం వచ్చినప్పుడు అవే యాంటీబాడీలు మాయ మీద పడతాయి.

మాయలో గడ్డలు కట్టి బిడ్డకు రక్తం అందకపోవడం ఒక్కటే కారణమని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు తెలిసిందేమిటంటే, ఈ యాంటీబాడీలు మాయ కణాలు గర్భసంచి గోడలోకి సరిగ్గా నాటుకోకుండా కూడా అడ్డుపడతాయి, అక్కడ వాపు తెప్పిస్తాయి. అందుకే కొందరికి రెండో నెలలోనే హార్ట్‌బీట్ ఆగిపోతుంది. కొందరికి ఆరేడు నెలల దాకా బాగానే ఉండి బీపీ పెరుగుతుంది, బిడ్డ ఎదుగుదల ఆగుతుంది.

ఏ టెస్టులు? ఎప్పుడు?

మూడు టెస్టులు: ఒకటి లూపస్ యాంటీకోయాగ్యులెంట్, రెండు యాంటీకార్డియోలిపిన్, మూడు బీటా-2 గ్లైకోప్రొటీన్. చివరి రెండింటిలో ఐజీజీ, ఐజీఎం అనే రెండు రకాల యాంటీబాడీలూ చూడాలి. ఈ మూడూ ఉండాలి. మన ల్యాబుల్లో "ఎ.పి.ఎల్.ఎ" అని ఒకే పేరుతో చేసేది చాలాసార్లు ఈ మూడింటిలో ఏదీ కాదు, మామూలు ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీ టెస్టు. చీటీలో ఆ ఒక్క పేరే ఉంటే రక్తం ఇచ్చేముందే కౌంటర్లో అడిగి, మూడు పేర్లూ విడివిడిగా రాయించుకోండి.

రెండో విషయం ఇంకా ముఖ్యం. ఒకసారి పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. వైరల్ జ్వరం వచ్చి తగ్గినా కొన్నాళ్లు ఈ యాంటీబాడీలు కనిపించి పోతాయి. కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేస్తే, అప్పుడూ పాజిటివ్ వస్తేనే లెక్క. అంకె కూడా చూడాలి. యాంటీకార్డియోలిపిన్ 40 యూనిట్లు దాటితే దాన్ని గట్టి పాజిటివ్ అంటారు. ల్యాబు పరిమితి కంటే కాస్త పైన, 14 అనో 18 అనో వస్తే, ఆ కాగితం పట్టుకుని జీవితాంతం "నాకు రక్తం గడ్డకట్టే జబ్బు ఉంది" అనుకోనక్కర్లేదు.

గర్భం పోయిన వెంటనే, ఆ వారంలోనే రక్తం ఇవ్వకండి. ఆరు వారాలు ఆగడం మంచిది. రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ ఇంజెక్షన్లు నడుస్తుంటే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఫలితం తప్పుగా రావచ్చు, కాబట్టి ఏ మందులు వాడుతున్నారో ల్యాబులో చెప్పండి.

ఈ 12 వారాల ఎదురుచూపు నరకంలా ఉంటుందని తెలుసు. ఇంట్లోవాళ్లు "మళ్లీ ఎప్పుడు?" అని అడుగుతుంటారు. అయినా ఈ మూడు నెలలూ వృథా కావు. థైరాయిడ్, షుగర్ చూపించుకోండి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి, గర్భసంచి ఆకారం తెలిసే 3డి స్కాన్ చేయించుకోండి. రెండో రిపోర్టు చేతికి వచ్చేసరికి మిగతావన్నీ సిద్ధంగా ఉంటాయి.

లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్టేనా?

కాదు. లూపస్ అంటే శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడి చేసే వేరే జబ్బు. ఆ టెస్టు పాజిటివ్ వచ్చిన చాలామందికి లూపస్ ఉండదు. అయితే కొందరికి రెండూ కలిసి ఉంటాయి. కీళ్ల నొప్పులు, ఎండకు ముఖం మీద దద్దుర్లు, విపరీతంగా జుట్టు రాలడం, నోట్లో పుండ్లు ఉంటే డాక్టరుతో చెప్పి, లూపస్‌ను వెతికే ఎ.ఎన్.ఎ. టెస్టు చేయించుకోండి.

ఎ.పి.ఎస్. అని తేలితే చికిత్స ఏమిటి? నిజంగా పనిచేస్తుందా?

తక్కువ మోతాదు ఆస్పిరిన్, దాంతోపాటు హెపారిన్ ఇంజెక్షన్. ఇంతే. ఆస్పిరిన్ అంటే మన దగ్గర ఎకోస్ప్రిన్ 75 అని అందరికీ తెలిసిన చిన్న మాత్ర. గర్భానికి ప్రయత్నిస్తున్నప్పుడో, టెస్టులో రెండు గీతలు కనిపించగానేనో మొదలుపెడతారు. హెపారిన్‌లో ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎనాక్సాపారిన్, సాధారణంగా రోజుకు 40 మి.గ్రా. గర్భం ఖాయమైన వెంటనే మొదలవుతుంది.

దీనికి బలమైన ఆధారం 1997లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రి నుంచి వచ్చింది. పదేపదే గర్భం పోయి, ఈ యాంటీబాడీలు ఉన్న 90 మంది స్త్రీలను రెండు గుంపులు చేశారు. ఆస్పిరిన్ ఒక్కటే వాడిన 45 మందిలో 19 మందికి బిడ్డలు పుట్టారు. ఆస్పిరిన్, హెపారిన్ రెండూ వాడిన 45 మందిలో 32 మందికి పుట్టారు. తర్వాత జరిగిన కొన్ని పరిశోధనల్లో ఇంత తేడా కనిపించలేదు, అయినా అన్నీ కలిపి చూస్తే రెండూ వాడటమే మేలని తేలుతోంది. ప్రపంచమంతా ఇదే పద్ధతి నడుస్తోంది. మందు వాడినా కొందరికి గర్భం నిలవదు, అదీ నిజమే. అలా జరిగితే మీరు ఇంజెక్షన్ ఒక గంట ఆలస్యంగా వేసుకున్నందుకు జరిగిందని మాత్రం అనుకోకండి.

మందులతోపాటు చెకప్‌లు కూడా చికిత్సలో భాగమే. ప్రతిసారీ బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. అయిదో నెల దాటాక రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్, ఆ తర్వాత దాదాపు నెలకోసారి బిడ్డ ఎదుగుదల స్కాన్ ఉంటాయి. హార్ట్‌బీట్ వచ్చేసింది కదా అని వీటిని మానొద్దు.

రోజూ ఇంజెక్షన్ ఇంట్లో వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, చాలామంది వేసుకుంటున్నారు. రోజూ నర్సు కోసం ఆటోలో తిరగడం కంటే ఇదే సుఖం. మొదటి రెండు మూడుసార్లు ఆసుపత్రిలో చూసి నేర్చుకోండి.

చేతులు కడుక్కుని, కూర్చునో వెనక్కి వాలో, బొడ్డుకు కనీసం మూడు వేళ్ల దూరంలో పక్కగా పొట్ట చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో మడతలా పట్టుకోవాలి. సిరంజిలో కనిపించే చిన్న గాలి బుడగను బయటికి తీయకూడదు. తీయబోతే మందు కూడా పోతుంది, ఆ బుడగ వల్ల ప్రమాదమేమీ లేదు. సూదిని నిటారుగా పూర్తిగా దింపి, మందును నెమ్మదిగా తోయాలి. సూది బయటికి వచ్చేదాకా చర్మం మడత వదలకూడదు. తర్వాత ఆ చోట రుద్దకూడదు, దూదితో ఊరికే నొక్కి ఉంచాలి. ఇవాళ కుడివైపు అయితే రేపు ఎడమవైపు.

నెల గడిచేసరికి పొట్ట మీద అక్కడక్కడా నల్లగా, పసుపుపచ్చగా కమిలిన మచ్చలు వస్తాయి. అద్దంలో చూసుకుంటే బాధేస్తుంది కానీ ఇంజెక్షన్లు మానేశాక అవి పోతాయి. బిడ్డకు సూది తగులుతుందేమో అనే భయం అందరికీ ఉంటుంది. తగలదు, అది చర్మం కింద కొవ్వు దాకానే వెళ్తుంది. హెపారిన్ మాయను దాటి బిడ్డకు చేరదు. వాడిన సిరంజిలను మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రిలో ఇచ్చేయండి, చెత్తబుట్టలో వేయకండి. పారిశుద్ధ్య కార్మికుల చేతులకు గుచ్చుకుంటాయి.

మొదట్లో ప్లేట్‌లెట్లు ఒకసారి చూపించుకోమని డాక్టరు చెప్తే తప్పక చూపించుకోండి.

ఇప్పటికే ఎసిట్రోమ్ లేదా వార్ఫరిన్ వాడుతున్నాను. గర్భం వస్తే?

ఇంతకుముందు కాల్లోనో మెదడులోనో గడ్డ కట్టినవాళ్లు ఈ మాత్రల మీద ఉంటారు. గర్భం ఆరు వారాలు నిండకముందే వీటినుంచి హెపారిన్‌కు మారాలి. 6 నుంచి 12 వారాల మధ్య ఇవి బిడ్డ ముక్కు, ఎముకలు ఏర్పడటాన్ని దెబ్బతీస్తాయి. కాబట్టి నెల తప్పకముందే మాట్లాడుకుని ఉండాలి. సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం. రక్తం పలచబరిచే రివరోక్సాబాన్ లాంటి కొత్త మాత్రలు గర్భంలో వాడకూడదు.

నాకు ఎ.పి.ఎస్. లేదు. అయినా "సేఫ్ సైడ్" కోసం హెపారిన్ వేసుకోమన్నారు. వేసుకోవాలా?

ఈ ప్రశ్నకు ఇప్పుడు మంచి జవాబులున్నాయి. కారణం తెలియకుండా గర్భం పోతున్నవాళ్లకు ఆస్పిరిన్, హెపారిన్ ఇచ్చి చూసిన నెదర్లాండ్స్ అధ్యయనం 2010లో వచ్చింది. ఉపయోగం కనిపించలేదు. ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్, ప్రొటీన్ ఎస్ లోపం లాంటి పుట్టుకతో వచ్చే గడ్డకట్టే లక్షణాలు ఉన్నవాళ్లలో చేసిన పెద్ద అధ్యయనం 2023లో వచ్చింది. హెపారిన్ వేసుకున్నవాళ్లలో నూటికి 72 మందికి, వేసుకోనివాళ్లలో నూటికి 71 మందికి బిడ్డలు పుట్టారు.

ఆ రెండో అంకెను ఇంకోసారి చూడండి. రెండు మూడుసార్లు పోగొట్టుకున్న స్త్రీలలో, ఏ ఇంజెక్షనూ లేకుండానే పదిమందిలో ఏడుగురికి తర్వాత బిడ్డ పుట్టింది. వయసు పెరిగేకొద్దీ, పోయిన గర్భాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ అవకాశం తగ్గుతుంది, కానీ సున్నా కాదు. "ఇంజెక్షన్ వల్లే నిలిచింది" అని పక్కింటావిడ చెప్పిన చాలా కథలకు వివరణ ఇందులోనే ఉంది.

అలాగే ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. జీన్ టెస్టు చేయించి, మార్పు ఉందని భయపెడుతుంటారు. ఆ మార్పు మామూలు జనంలో ఎంతోమందికి ఉంటుంది, గర్భస్రావానికి దాన్ని వెతకమని పెద్ద వైద్య సంఘాలేవీ చెప్పడం లేదు. ప్రొటీన్ ఎస్ గర్భంలో సహజంగానే తగ్గుతుంది కాబట్టి గర్భిణిగా ఉన్నప్పుడు చేసిన టెస్టు చూసి జబ్బని తేల్చకూడదు.

గతంలో మీకు నిజంగా కాల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ కట్టి ఉంటే అది వేరే సంగతి. అప్పుడు హెపారిన్ ఇచ్చేది మీ ప్రాణం కోసం.

ఎన్.కె. కణాలు, భర్త రక్తంతో వ్యాక్సిన్, ఇంట్రాలిపిడ్: ఇవి చేయించుకోవచ్చా?

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే కాబట్టి ఒక్కొక్కటీ చెప్తాను.

చేతి నరంలోంచి తీసిన రక్తంలో ఎన్.కె. (నేచురల్ కిల్లర్) అనే రక్షణ కణాలు లెక్కపెట్టి "ఇమ్యూనిటీ ఎక్కువ" అంటారు. గర్భసంచిలో ఉండే ఎన్.కె. కణాలు వేరు, వాటి పని వేరు. అవి మాయ నాటుకోవడానికి సాయం చేస్తాయి. రక్తంలోని అంకెను బట్టి చికిత్స నిర్ణయించడానికి ఆధారం లేదు.

భర్త రక్తంలోని తెల్లకణాలను భార్య చర్మంలోకి ఎక్కించే పద్ధతిని ఎల్.ఐ.టి. అంటారు. 1980లలో దీని మీద చాలా ఆశ పెట్టుకున్నారు. 1999లో వెలువడిన అమెరికా, కెనడా అధ్యయనంలో మేలు కనిపించలేదు సరికదా, భర్త కణాలు ఎక్కించుకున్నవాళ్ల ఫలితాలే తక్కువగా వచ్చాయి. 2002 నుంచి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. దీన్ని అనుమతి పొందిన పరిశోధనలో తప్ప చేయకూడదంది. రక్తంతో వచ్చే ఇన్ఫెక్షన్ల ముప్పు కూడా ఉంది. మన నగరాల్లో ఇప్పటికీ చేసే చోట్లున్నాయి. నా మాట అడిగితే, వద్దు.

ఇంట్రాలిపిడ్ అంటే నోటితో తినలేని రోగులకు సెలైన్‌లా ఎక్కించే సోయా నూనె మిశ్రమం. గర్భం నిలుపుతుందని గట్టి రుజువు లేదు.

స్టెరాయిడ్ మాత్రలు: 1997లో ప్రచురితమైన కెనడా అధ్యయనంలో ప్రెడ్నిసోన్, ఆస్పిరిన్ కలిపి వాడితే బతికి పుట్టిన బిడ్డల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నెలలు నిండకుండా పుట్టడం మాత్రం 12 శాతం నుంచి 62 శాతానికి పెరిగింది. లూపస్ లాంటి జబ్బు ఉండి వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఆపేయకూడదు.

ఐ.వి.ఐ.జి., అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించడం, దీని విషయం కొంచెం భిన్నం. నాలుగు, అంతకన్నా ఎక్కువసార్లు కారణం తెలియకుండా పోయినవాళ్లకు గర్భం వచ్చిన తొలి వారాల్లోనే ఎక్కువ మోతాదులో ఇస్తే ఉపయోగం కనిపించిందని 2022లో జపాన్ అధ్యయనం చెప్పింది. యూరప్ మార్గదర్శకాలు కూడా అలాంటివాళ్ల వరకు ఆలోచించవచ్చన్నాయి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. రెండుసార్లు పోయిన వెంటనే దీనికి అప్పు చేయాల్సిన పని లేదు.

ఎవరైనా ఇలాంటి చికిత్స సూచిస్తే మూడు ప్రశ్నలు అడగండి: నా ఏ రిపోర్టును బట్టి ఇది ఇస్తున్నారు? ఇది చేయకపోతే నాకు బిడ్డ పుట్టే అవకాశం ఎంత? చేస్తే ఎంత? కోప్పడకుండా జవాబు చెప్పే డాక్టరు దగ్గరే ఉండండి.

టార్చ్ టెస్టు పాజిటివ్ వచ్చింది. దానివల్లే పోతోందా?

దాదాపు ఎప్పుడూ కాదు. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సీఎంవీ ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి పోయిందని, రుబెల్లాకైతే టీకా వేయించుకున్నారని కూడా అర్థం. పదేపదే గర్భం పోవడానికి ఇది కారణం కాదు. మన దగ్గర అలవాటుగా రాసేస్తారు, ఆ పైన కోర్సుల కొద్దీ మాత్రలు వాడిస్తారు. ఆ డబ్బు దాచుకోండి.

మాది మేనరికం. అందుకే ఇమ్యూనిటీ గుర్తుపట్టట్లేదా?

దంపతుల జన్యువులు మరీ దగ్గరగా ఉంటే తల్లి శరీరం గర్భాన్ని గుర్తించి కాపాడలేదనేది ఎల్.ఐ.టి. వెనక ఉన్న పాత సిద్ధాంతం. అది నిలబడలేదు. మేనరికంలో కొన్ని వంశపారంపర్య జబ్బులు బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది, దానికోసం జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోవడం మంచిదే. అంతేగానీ, ఎవరిని పెళ్లి చేసుకున్నామనేది తలుచుకుని ఇద్దరూ కుమిలిపోవద్దు.

పోయిన గర్భాన్ని పరీక్షకు పంపాలా?

వీలైతే పంపండి. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి, వయసు పెరిగిన తల్లుల్లో అంతకన్నా ఎక్కువకు కారణం ఆ పిండంలోని క్రోమోజోముల లోపం. అలా తేలితే రక్తానికీ ఇమ్యూనిటీకీ దానితో సంబంధం లేనట్టే. ఎ.పి.ఎస్. ఉండి మందులు వాడుతున్నా ఒక గర్భం పోతే, మందు పనిచేయలేదో, ఆ పిండమే లోపంతో ఏర్పడిందో తెలుసుకునే దారి ఇదే.

డి అండ్ సి కి లోపలికి తీసుకెళ్లే ముందే చెప్పాలి. క్రోమోజోముల టెస్టుకు కణజాలాన్ని శుభ్రమైన డబ్బాలో, మామూలు సెలైన్‌లో వేసి పంపుతారు. అలవాటు ప్రకారం ఫార్మాలిన్‌లో వేస్తే ఆ టెస్టుకు సాధారణంగా పనికిరాదు. ఆ సమయంలో మీకు మాట్లాడే ఓపిక ఉండదు, కాబట్టి ఈ మాట భర్తకో అమ్మకో ముందే చెప్పి ఉంచండి. మీది నెగెటివ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ సంగతీ అప్పుడే అడగమనండి.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

గైనకాలజిస్టుతో మొదలుపెట్టండి. ఎ.పి.ఎస్. అని తేలితే రుమటాలజిస్టు గానీ హెమటాలజిస్టు గానీ తోడుండాలి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. వేలూరు సి.ఎం.సి.లో హెమటాలజీ, రుమటాలజీ రెండూ ఉన్నాయి, రాయలసీమ నుంచి చాలామంది అక్కడికే వెళ్తుంటారు. ఎక్కడికి వెళ్లినా ఒక కాగితం మీద ఒక్కో గర్భానికి ఒక్కో లైను రాసుకెళ్లండి: ఏ సంవత్సరం, ఎన్ని వారాలకు పోయింది, హార్ట్‌బీట్ వచ్చిందా, ఏ మందులు వాడారు. లావుపాటి ఫైలు తిరగేసే డాక్టరుకు ఆ ఒక్క కాగితం ఎంతో సాయం.

పూర్తిగా బెడ్ రెస్ట్ తీసుకోవాలా?

వద్దు. పెద్దవాళ్లు ప్రేమతోనే మంచం దిగనివ్వరు. మంచం మీద ఉంటే గర్భం నిలుస్తుందని ఆధారం లేదు, పైగా ఎ.పి.ఎస్. ఉన్నవాళ్లకు కదలకుండా పడుకోవడం వల్ల కాళ్లలో గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఇంట్లో నడవండి, నీళ్లు బాగా తాగండి. దూర ప్రయాణమైతే మధ్యమధ్యలో లేచి తిరగండి.

ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, చూపు మసకబారినా, తగ్గని తలనొప్పి, కడుపు పైభాగంలో నొప్పి ఉన్నా, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. తొలి నెలల్లో రక్తస్రావం కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేయండి. ఇంతకుముందు గర్భం పోయి, ఇప్పుడు బ్లీడింగ్ అవుతున్నవాళ్లకు ప్రొజెస్టెరాన్ మేలు చేస్తుందని 2019లో బ్రిటన్ అధ్యయనం చూపింది.

గర్భం పోతే ఆఫీసులో సెలవు ఇస్తారా?

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచే గర్భస్రావం తర్వాత ఆరు వారాల జీతంతో కూడిన సెలవు హక్కుగా ఉంది. డిశ్చార్జి కాగితం జాగ్రత్త చేసి, రుజువుగా ఇవ్వండి. చాలామంది ఈ సంగతి తెలియక మూడో రోజే డ్యూటీకి వెళ్తున్నారు.

ప్రసవం తర్వాత మందులు ఆపేయొచ్చా?

వెంటనే కాదు. కాన్పుకు ముందు హెపారిన్ ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్తారు. నడుముకు మత్తు ఇవ్వాలంటే 40 మి.గ్రా. మోతాదు తర్వాత కనీసం 12 గంటలు గడవాలి. బిడ్డ పుట్టాక మళ్లీ మొదలుపెట్టి సాధారణంగా ఆరు వారాలు కొనసాగిస్తారు, ఎందుకంటే బాలింతకే గడ్డకట్టే ముప్పు ఎక్కువ. పాలు ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు.

ఆ తర్వాత పిల్లలు వద్దనుకుంటే ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకండి. నెలసరి సరిచేయడానికి ఎవరైనా అలాంటి మాత్రలు రాసినా, మోకాలి ఆపరేషన్ చేయబోతున్నా, మీకు ఎ.పి.ఎస్. ఉందని ముందు చెప్పండి.